మన వాళ్ళు ఏ ఓడలో వచ్చారు?



పోయిన నెలలో రెండు వారాలు మేము ఏమీ రాయలేకపోయాం. ఒక వారం మందిరం పైకప్పు రేకులు మార్పించే పని, ఇంకో వారం హైదరాబాదు ప్రయాణం. ఆ ప్రయాణం సంగతే ఇప్పుడు రాస్తున్నాం. ఇది ఎప్పటిలాంటి వాక్యధ్యానం కాదు. కొంత చరిత్ర, కొంత మా ఇంటి గొడవ. కాస్త ఓపికగా చదవండి.

మా అన్నయ్యగారి మనవరాలు అమెరికాలో నాలుగో తరగతి చదువుతోంది. ఒక రాత్రి ఫోనులో, "చిన్నతాతయ్యా, మన వాళ్ళు ఏ ఓడలో వచ్చారు?" అని అడిగింది. బడిలో వంశవృక్షం గీసుకురమ్మన్నారట. తరగతిలో ఒక పిల్లవాడి పూర్వికులు మేఫ్లవర్ ఓడలో వచ్చారట. మొదట మేము నవ్వాం. "మీ అమ్మానాన్నలు విమానంలో వచ్చారు కదమ్మా" అన్నాం. "వాళ్ళు కాదు, అందరికంటే ముందు వాళ్ళు" అంది. దానికి మా దగ్గర జవాబు లేదు. మా తాత పేరు తెలుసు, తాత తండ్రి పేరు తెలుసు, అంతే. వారం వారం పెళ్ళిళ్ళు చేయిస్తూ, బాప్తిస్మాలు ఇస్తూ, ఊరందరి పేర్లూ రిజిస్టరులో రాసుకునే మాకు మా ఇంటి సంగతి మూడు తరాలకు మించి తెలియదు.

ఆ పిల్లవాడి సంగతి చూద్దాం. మేఫ్లవర్ 1620 సెప్టెంబరులో ఇంగ్లాండులోని ప్లిమత్ రేవు నుంచి 102 మంది ప్రయాణికులతో బయలుదేరి, నవంబరులో కేప్ కాడ్ తీరం చేరింది. మొదటి చలికాలం గడిచేసరికి వాళ్ళలో సగం మంది చనిపోయారు. మిగిలినవాళ్ళ సంతానం అని చెప్పుకునేవాళ్ళకు 1897 నుంచి ఒక పెద్ద సంఘం ఉంది. అందులో సభ్యత్వం ఊరికే ఇవ్వరు. ఓడలో వచ్చిన మనిషి నుంచి దరఖాస్తు చేసినవాడి దాకా ప్రతి తరానికీ పుట్టుక, పెళ్ళి, చావు కాగితాలతో రుజువు కావాలి. నాలుగు వందల సంవత్సరాలు దాటిపోయినా కాగితాలు దొరుకుతున్నాయంటే, అక్కడ ఊరు కట్టిన నాటి నుంచే ఎవరో ఒకరు కూర్చుని రాస్తూ వచ్చారన్నమాట. బోస్టనులో వంశచరిత్రల కోసమే ఒక సొసైటీ 1845లో పెట్టారు. అప్పటికి మన ఒంగోలులో ఇంకా మిషను బంగళా కూడా లేదు.

సరే, చిక్కడపల్లిలో అన్నయ్యగారింట్లో ఒక పాత బైబిలు ఉందని మాకు గుర్తు. ఆయన ప్రభుత్వ ఆఫీసులో లెక్కల పని చేసి రిటైరయ్యారు. త్యాగరాయ గానసభకు కొంచెం ఇవతల సందులో మూడో అంతస్తు. మేము వెళ్ళేసరికి వదినగారు బీరువా పైనున్న ట్రంకు పెట్టె దింపించి ఉంచారు. బైబిలు అట్ట ఊడిపోయింది, చెదలు అంచులు తినేసింది. ముందున్న ఖాళీ పేజీల్లో మా తాత చేతిరాత. పుట్టినవాళ్ళు, పోయినవాళ్ళు, పెళ్ళిళ్ళు. ఆయన కంభం వైపు పల్లె నుంచి నిజాం కాలంలో ఈ ఊరు వచ్చి, ఆస్పత్రిలో కాంపౌండరుగా చేరినవాడు. అక్షరాలు మందుల చీటీ మీద రాసినట్టు చిన్నగా, నిలువుగా ఉన్నాయి. అన్నిటికంటే పైన ఒక వరుస: తన తాత గుండ్లకమ్మలో 1878లో బాప్తిస్మం పొందాడని. పక్కన రెండు పేర్లు. ఒకటి బైబిలు పేరు. దానికి ముందున్నది "డు"తో ముగిసే రెండక్షరాల పేరు, ఎవరైనా ఎప్పుడైనా కేకేసి పిలవడానికి పెట్టిన పేరు. దానిపైన ఏమీ లేదు. తెల్ల కాగితం.

1878 అని చూడగానే మాకు అర్థమైంది. మన బాప్టిస్టు సంఘాలలో ముసలివాళ్ళు ఇప్పటికీ చెప్పుకునే సంవత్సరం అది. అంతకు ముందు 1876 నుంచి రెండేళ్ళు మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు. సర్కారు బకింగ్‌హాం కాలువ తవ్వకం కరువు పనిగా పెట్టింది. ఒంగోలులో ఉన్న అమెరికా మిషనరీ జాన్ క్లౌ దొరగారు అందులో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆయన కుర్రతనంలో అమెరికాలో భూమి సర్వే పని చేసినవాడు, కొలతలు తెలుసు. వేరేచోట మేస్త్రీలు మాదిగవాళ్ళను తిట్టి, కొట్టి, కూలిలో కోత పెట్టేవాళ్ళు. క్లౌ దొరగారి ముక్కలో మేస్త్రీలు ఆయన బోధకులే, అంటే మనవాళ్ళే. కూలి చేతికి పూర్తిగా వచ్చేది. కరువు సాయం నడిచినన్నాళ్ళు ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇప్పించలేదు, అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు పని అయిపోయాక కూడా జనం వదల్లేదు. 1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం అయింది. ఆ సంవత్సరం ముగిసేసరికి తొమ్మిది వేలు దాటారు.

ఇక్కడ ఒక సంగతి చాలామంది మరిచిపోతారు. ఆ రోజు నీళ్ళలో దిగి ముంచినవాళ్ళలో దొర లేడు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున మారుతూ, పొద్దున కొంతసేపు, మధ్యాహ్నం కొంతసేపు నిలబడి చేశారు. అసలు ఈ పని మొదలైంది కూడా ఒక తెలుగువాడి వల్లే. తాళ్ళకొండపాడు మనిషి ఎర్రగుంట్ల పేరయ్య, తోలు వ్యాపారం మీద తిరిగేవాడు, 1866లో బాప్తిస్మం పొంది తనవాళ్ళ మధ్య చెప్పుకుంటూ పోయాడు. క్లౌ దొరగారు వెనక వచ్చారు. దొరల బొమ్మలు మందిరాల గోడల మీద ఉన్నంతగా పేరయ్య గురించి మనం చెప్పుకోం. అది మా తప్పు కూడా.

అయినా దొరల సంగతీ చూడాలి, పిల్ల అడిగింది ఓడ గురించి కదా. ఒంగోలు కొండ మీద 1854 జనవరి 1 తెల్లవారుజామున ఐదుగురు మోకరించి ప్రార్థించారని మనకు తెలుసు. అందులో ఒకరు లైమన్ జ్యూయెట్ దొరగారు. అంతకు ముందు సంవత్సరమే అమెరికాలోని ఆల్బనీలో జరిగిన సభలో ఈ తెలుగు మిషనును మూసేద్దామా అని చర్చ వచ్చింది. అప్పుడు దీనికి "ఒంటరి నక్షత్రం" అని పేరు పడింది. జ్యూయెట్ దొరగారు చదివింది రోడ్ ఐలాండ్‌లోని బ్రౌన్ కళాశాలలో. దాన్ని 1764లో బాప్టిస్టులు పెట్టారు. ఆ రోడ్ ఐలాండ్ ఎలా పుట్టిందంటే, రోజర్ విలియమ్స్ అనే బోధకుడిని మసాచుసెట్స్ వలసవాళ్ళు 1635లో ఊరి నుంచి వెలివేశారు. మనిషి మనస్సాక్షి మీద సర్కారుకు అధికారం లేదన్నాడు, అక్కడి మూలవాసుల భూమిని రాజు పట్టా రాసివ్వడం చెల్లదన్నాడు. చలికాలంలో అడవి దాటిపోయి, మూలవాసుల దగ్గర తలదాచుకుని, 1636లో ప్రావిడెన్స్ అనే ఊరు కట్టాడు. 1638లో అక్కడ పెట్టిన సంఘాన్నే అమెరికాలో మొదటి బాప్టిస్టు సంఘం అంటారు.

చూశారా, తొలి వలసవాళ్ళలో వెలి వేయబడినవాడి సంఘం, రెండు వందల నలభై ఏళ్ళకు గుండ్లకమ్మ ఒడ్డున వెలివాడవాళ్ళ సంఘమైంది. రక్తం వైపు నుంచి కాకపోయినా బాప్తిస్మం వైపు నుంచి మాకూ ఒక ఓడ ఉంది. మేము ఆ మాట అన్నయ్యగారితో అంటే, "పిల్లకు అదే చెప్పు, బాగుంటుంది" అన్నారు. ఆయనకు ఎందుకు బాగుందో కాసేపటికి తెలిసింది.

జ్యూయెట్ అన్న ఇంటిపేరు గల అమెరికావాళ్ళు 1908లో తమ వంశచరిత్ర రెండు సంపుటాలుగా అచ్చు వేసుకున్నారు. అది 1630ల చివర ఇంగ్లాండు నుంచి మసాచుసెట్స్‌లోని రౌలీకి వచ్చిన అన్నదమ్ములతో మొదలవుతుంది. మన ఇళ్ళలో వంశం అచ్చు వేయించుకున్నవాళ్ళు ఎందరు? జమీందార్లకు భట్రాజులు ఉండేవాళ్ళు. మనకెవరున్నారు అని మేము అనబోతుంటే, మా ఇంట్లో అమ్మగారు అడ్డుపడి, "ఉండేవాళ్ళు, మనమే పంపేశాం" అన్నారు.

అమ్మగారి పుట్టిల్లు నల్లగొండ వైపు. అక్కడ సువార్త పని 1890లో మొదలుపెట్టింది రష్యా దేశం నుంచి వచ్చిన అబ్రాహాము ఫ్రీసెన్ దొరగారు, అమెరికా బాప్టిస్టు మిషను తరపున. అమ్మగారి నాయనమ్మ చెప్పేదట, తన చిన్నతనంలో పంటలైనాక డక్కలివాళ్ళు వచ్చేవాళ్ళని. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాం. డక్కలివాళ్ళు మాదిగవాళ్ళ మీదే ఆధారపడి బతికే కులం. పటం విప్పి జాంబపురాణం చెబుతారు, కిన్నెర వాయిస్తారు, ఏ ఇంటివాళ్ళది ఏ గోత్రమో, ఎవరి తాతకు ఎవరు తాతో అప్పజెబుతారు. 2022లో పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగిలయ్యగారు ఆ కులంవారే. వాళ్ళకు మాదిగ ఇంట ధాన్యం, కోడి, బట్ట ఇవ్వాల్సిన హక్కు ఉండేది. ఊరు మాదిగవాళ్ళను వెలుపల పెడితే, మాదిగవాళ్ళు డక్కలివాళ్ళను గూడెం వెలుపల పెట్టారు. అదీ మనం ఒప్పుకోవాల్సిందే.

మా నాయనమ్మల తరం బాప్తిస్మం పొందాక ఏమైంది? జాంబపురాణం అన్య దేవతల కథ అన్నారు, డక్కలివాళ్ళకు ఇచ్చేది ఆపేశారు. వాళ్ళు రెండు మూడేళ్ళు వచ్చి గూడెం బయట కూర్చుని లేచిపోయారట. వాళ్ళ వెంట ఏడెనిమిది తరాల పేర్లు పోయాయి. తర్వాత సంఘం రిజిస్టరు వచ్చింది, కాని అది బాప్తిస్మం పొందిన మనిషితోనే మొదలవుతుంది. క్లౌ దొరగారి రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అమ్మగారు 1899లో ఒక ఇంగ్లీషు పుస్తకం రాశారు, చెప్పులు కుడుతూ మనవాళ్ళు చెప్పుకున్న కథల మీద. మాదిగ పురాణాలూ, మొదటి బోధకుల జీవితాలూ అందులో ఉన్నాయి. ఒక తెల్ల అమ్మగారు రాసిపెట్టదగినవని అనుకున్న వాటిని మన సంఘాలలో మనమే పాపమని తోసేశాం. పాస్టరుగా ఉండి ఈ మాట రాయడం కొందరికి నచ్చకపోవచ్చు.

మర్నాడు పొద్దున్నే నారాయణగూడ సమాధుల తోటకు వెళ్ళాం, తాత సమాధి చూడ్డానికి. ఫ్లైఓవరు మీద ఆ బస్సుల హోరు, గేటు లోపల అడుగుపెడితే వేపచెట్ల కింద చల్లగా ఉంది. పాత తెల్లవాళ్ళ రాళ్ళు ఒకవైపు, మీద పుట్టిన ఊరు, తండ్రి పేరు, ఉద్యోగం, అన్నీ చెక్కి ఉంటాయి. మనవాళ్ళ రాళ్ళు ఇరుకిరుకుగా. మా తాత గుంటలోనే ఇరవై ఏళ్ళ తర్వాత నాయననూ పెట్టాం, చోటు లేక. రాయి మీద ఇద్దరి పేర్లూ బైబిలు పేర్లే, కింద తేదీలు. ఊరి పేరు లేదు. కంభం అని ఎందుకు చెక్కించలేదని అన్నయ్యగారిని అడిగాం. "చెక్కిస్తే ఎవరో ఒకరు ఏ వాడ అని అడుగుతారుగా" అన్నారు. ఆయన నవ్వలేదు.

అక్కడి నుంచి నడిచి అశోక్‌నగర్ వచ్చాం. మా సంఘం కుర్రవాడొకడు అక్కడ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాడు. సిటీ సెంట్రల్ లైబ్రరీ ఆవరణలో చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కనిపించాడు. ఆ చుట్టుపక్కల వందలమంది అలాగే, ఒళ్ళో పుస్తకం, పక్కన నీళ్ళ సీసా. "వందనాలయ్యగారూ" అని లేచి టీ బండి దగ్గరకు తీసుకెళ్ళాడు. మేము వచ్చిన పని చెబితే, "నేనూ అదే పని మీదున్నానయ్యగారూ" అన్నాడు. సర్టిఫికెట్ కోసం తాత చదివిన బడి నుంచి కాగితం తెమ్మన్నారట.

1950లో రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రెండు రాష్ట్రాల్లో బాప్తిస్మం పొందిన మాలమాదిగల సంతానానికి బీసీ–సీ, ఒక శాతం. అందుకే ఒకే ఇంట్లో ఒక అన్న కాగితం మీద ఒకటి, తమ్ముడు ఇంకొకటి. మేఫ్లవరు సంఘంవాళ్ళు పూర్వికుణ్ణి గర్వంగా రుజువు చేసుకోవాలి. ఈ కుర్రవాడు తన తాత ఏ దేవుణ్ణి మొక్కాడో రుజువు చేసుకోవాలి. టీ డబ్బులు మమ్మల్ని ఇవ్వనివ్వలేదు వాడు.

ఆ సాయంత్రం గొడవ అయింది. పిల్ల బడిలో ఇచ్చిన పటంలో ప్రతి పేరు పక్కన ఒక గడి ఉంది, ఆ మనిషి ఏం పని చేసేవాడో రాయాలి. 1878 మనిషి దగ్గర అన్నయ్యగారు "రైతు" అని రాయమన్నారు. మేము ఒప్పుకోలేదు. ఆయనకు సెంటు భూమి లేదు. చెప్పులు కుట్టాడు, బావుల్లో నీళ్ళు తోడే తోలు తొండాలు కుట్టాడు, చచ్చిన గొడ్డును మోశాడు, కరువులో కాలువ తవ్వాడు. "నీకేం, ఊళ్ళో పాస్టరువి, అందరికీ తెలిసిందే" అన్నారు. తర్వాత చెప్పారు, మాకు ఎన్నడూ చెప్పని సంగతి. పెళ్ళయిన కొత్తలో ఇదే అశోక్‌నగర్‌లో అద్దె ఇల్లు వెతుకుతుంటే, ఇంటివాళ్ళు "మీరెవరండీ?" అని అడిగేవాళ్ళు. అది పేరు అడగడం కాదు. వదినగారు కడుపుతో ఉండగా, అడ్వాన్సు ఇచ్చి సామాను దింపిన ఇల్లు రెండు రోజుల్లో ఖాళీ చేయించారు. ఆ సామానులో ఈ బైబిలు ట్రంకు కూడా ఉందట, రాత్రంతా అరుగు మీద. "నా మనవరాలు అక్కడ తెలుగువాళ్ళ పిల్లలతోనే ఆడుకుంటుంది. ఆ పటం ఆ గోడ మీద పెడతారు" అన్నారు. మేమేం అనగలం? చాలాసేపు ఏమీ అనలేదు.

వదినగారే నిదానంగా మత్తయి మొదటి అధ్యాయం తీశారు. ప్రతి క్రిస్మసుకూ మేము తొందరగా చదివి దాటేసే పేర్ల పట్టిక. యూదుల పట్టికల్లో ఆడవాళ్ళను సాధారణంగా రాయరు. మత్తయి రాశాడు, అదీ ఏరి కోరి తామారును, రాహాబును, రూతును, ఊరియా భార్యను. దాచుకోదగినవాళ్ళనే. ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయంలో దీనికి ఎదురు సంగతి ఉంది, వంశావళి పుస్తకంలో పేరు దొరకలేదని కొందరిని యాజకత్వం నుంచి తీసేశారు. రెండూ ఒకే బైబిల్లో ఉన్నాయి. ఏది ఎవరికి వర్తిస్తుందో మేము ప్రసంగం చేయబోతే వదినగారు ఆపారు, "ఇది మందిరం కాదు మరిదిగారూ, అన్నం తినండి" అని.

రాత్రి పది దాటాక పిల్ల ఫోను చేసింది. తరగతిలో ఇంకో పాప పటం చూపించిందట. ఆ పాప ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల సంతతి. వాళ్ళ చెట్టు 1870 దగ్గర ఆగిపోయిందట. దానికి కారణం ఉంది. అమెరికా జనాభా లెక్కల్లో నల్లవాళ్ళందరినీ పేరుతో రాసింది 1870లోనే మొదటిసారి. అంతకు ముందు 1850, 1860 లెక్కల్లో బానిసలకు వేరే పట్టిక, అందులో యజమాని పేరు, పక్కన వయసు, ఆడో మగో, రంగు. పేరు లేదు. వంశాలు వెతికేవాళ్ళు దాన్ని 1870 గోడ అంటారు. తొలి వలసవాళ్ళ వంశాలు నిలువునా సాగుతుంటే, ఆ వలసవాళ్ళకే చాకిరీ చేసిన మనుషుల వంశం అక్కడ గోడకు కొట్టుకుని ఆగుతుంది. "ఆ పాప ఏడ్చిందా?" అని అన్నయ్యగారు అడిగారు. "లేదు తాతయ్యా, వాళ్ళ మామ్మ వచ్చి అందరికీ చెప్పింది, అప్పుడు కాగితం మీద రాయలేదని" అంది పిల్ల.

అన్నయ్యగారు ఫోను మా చేతిలోంచి తీసుకున్నారు. మేఫ్లవరు గురించి కాదు, ప్రావిడెన్సు గురించి కూడా కాదు. గుండ్లకమ్మ ఎక్కడుందో చెప్పారు. కరువు అంటే ఏమిటో చెప్పారు. కాలువ మూడున్నర మైళ్ళు అంటే వాళ్ళ ఇంటి నుంచి బడికి ఎన్నిసార్లు పోయిరావాలో లెక్క కట్టించారు. ఆయన లెక్కల మనిషి. చివరికి, "ఆయన చెప్పులు కుట్టేవాడమ్మా, మాదిగ" అన్నారు. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత పిల్ల, ఆ మాట ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాయాలని అడిగింది. ఆయన ఒక్కో అక్షరం చెప్పారు. "నీకు కుట్టడం వచ్చా తాతయ్యా?" అంది. రాదన్నారు. "చిన్నతాతయ్యకి?" మాకూ రాదు.

పటం ఫోటో తర్వాత వచ్చింది. మా వైపు కొమ్మ 1878 దాకా ఉంది. అమ్మగారి వైపు కొమ్మ కూడా పెట్టమని పిల్ల పట్టుబట్టింది, అది ఇంకా చిన్నది. వరికోతలు అయ్యాక నల్లగొండ వైపు వెళ్ళి డక్కలివారి ఇళ్ళు ఎక్కడున్నాయో అడగాలని అమ్మగారి పట్టుదల. ఆ ఇంటిపేరు ఇంకా ఎవరి నోట ఉందో చూద్దాం. ఉత్త చేతులతో వెళ్ళకూడదు, వందేళ్ళ బాకీ ఉంది, ధాన్యమూ బట్టా తీసుకెళ్ళాలి అంటున్నారు. మా సంఘ పెద్దల్లో ఒకరిద్దరికి ఇది నచ్చలేదు. మాట్లాడుతున్నాం.

మీ ఇళ్ళలో పాత కుటుంబ బైబిళ్ళు ఉంటే ముందు పేజీలు, వెనక పేజీలు ఇవాళే ఫోటోలు తీసి ఉంచండి. చెదలు అంచుల నుంచే తింటూ వస్తుంది, తేదీలు ఉండేది అంచుల్లోనే.